థర్‌స్టన్ కొలబద్ద: తెలుసుకోవడానికి హద్దు ఉందా?

తెలుగు నేల మీద ఏ కులం తన చరిత్ర రాసుకోవాలనుకున్నా ముందుగా తిరగేసే పుస్తకం ఒకటుంది. 1909లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ఏడు సంపుటాలుగా అచ్చువేసిన ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ ఆ పుస్తకం. కుల సంఘాల ప్రత్యేక సంచికల్లోనూ, విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాల్లోనూ, వెనుకబడిన తరగతుల కమిషన్ల నివేదికల్లోనూ, కుల ధ్రువీకరణ వివాదాలపై వచ్చిన కోర్టు తీర్పుల్లోనూ దాని ప్రస్తావన కనిపిస్తుంది. మూడు వందలకు పైగా కులాలు, తెగల వివరాలు అందులో అక్షరక్రమంలో ఉన్నాయి. రచయిత పేరు ఎడ్గార్ థర్‌స్టన్. ఆయన పుస్తకాన్ని సాక్ష్యంగా చూపించే మనం, ఆ సాక్ష్యం ఎలా తయారైందని అరుదుగా అడుగుతాం. ఆయన జీవితాన్ని ఒకసారి పరిశీలిస్తే, తెలుసుకోవాలన్న కోరికకు నైతికమైన హద్దు ఎక్కడుండాలన్న ప్రశ్న మన ముందు నిలుస్తుంది.

థర్‌స్టన్ 1855లో లండన్ శివారులో పుట్టాడు. సంపన్నుల పిల్లలు చదివే ఈటన్ పాఠశాలలో చదివి, లండన్ కింగ్స్ కళాశాలలో వైద్యం అభ్యసించి, 1877లో వైద్యుడిగా అర్హత సంపాదించాడు. రోగులకు వైద్యం చేయడం కన్నా వస్తువులను సేకరించడం, వర్గీకరించడం, పేరు చీటీలు అంటించి అద్దాల బీరువాల్లో అమర్చడం ఆయనకు ఇష్టమైన పని. కింగ్స్ కళాశాల మ్యూజియం బాధ్యత కొంతకాలం నిర్వహించిన తరువాత, 1885లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియంకు సూపరింటెండెంటుగా వచ్చాడు. 1908 వరకు, అంటే ఇరవై మూడేళ్లు, ఆ పదవిలోనే ఉన్నాడు.

ఎగ్మూరులోని ఆ మ్యూజియం తెలుగువారికి పరాయిది కాదు. అమరావతి స్తూపం నుంచి ఊడదీసిన సున్నపురాతి శిల్పాల్లో చాలా భాగం అక్కడికే చేరింది. థర్‌స్టన్ మొదటి దశాబ్దం ప్రకృతి శాస్త్రంలో గడిచింది. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల వేటను, పగడపు దిబ్బలను, సముద్ర జీవులను ఆయన అధ్యయనం చేశాడు. నాణేల జాబితాలు కూర్చాడు. చిప్పలను, చేపలను, పక్షులను ఏ పద్ధతిలో సేకరించి కొలిచి వర్గీకరించాడో, 1894 నుంచి అదే పద్ధతిలో మనుషుల వైపు తిరిగాడు. నీలగిరుల తోడాలు, కోతలు, బడగలు, ఇరుళలతోను, వయనాడు పనియలతోను ఆరంభించి, మద్రాసు రాష్ట్రమంతటా తిరిగాడు. ఆనాటి మద్రాసు రాష్ట్రమంటే గంజాం నుంచి తిరునల్వేలి దాకా. అందులో సగానికి దగ్గరగా తెలుగు సీమ.

ఆయన పరికరాల పెట్టెలో తల పొడవు, వెడల్పు కొలిచే కాలిపర్ ఉండేది. ఎత్తు కొలిచే నిలువు కర్ర, పిడికిలి బలం తూచే యంత్రం, చర్మపు రంగును అద్దాల రంగులతో సరిపోల్చే సాధనం, కెమెరా, పాటలను మైనపు గొట్టాలపై ముద్రించే ఫోనోగ్రాఫు కూడా ఉండేవి. తల వెడల్పును పొడవుతో భాగించి నూరుతో హెచ్చవేస్తే తల సూచిక వస్తుంది. ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి నూరుతో హెచ్చవేస్తే ముక్కు సూచిక వస్తుంది. 70 లోపు అయితే సన్నని ముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు, నడుమ ఉన్నది మధ్యరకం. ఒక్కో కులం నుంచి కొన్ని పదుల మందిని కొలిచి, సగటు తీసి, ఆ సగటును ఆ కులం మొత్తానికి లక్షణంగా నమోదు చేయడం ఆనాటి విధానం.

ఈ లెక్క వెనుక ఒక సిద్ధాంతం ఉంది. దాని ప్రధాన ప్రచారకుడు బెంగాలులో పనిచేసిన ఐసీఎస్ అధికారి హెర్బర్ట్ రిస్లీ. కులానికి మూలం జాతి అనీ, సామాజిక అంతస్తు పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుందనీ, అంతస్తు తగ్గేకొద్దీ వెడల్పవుతుందనీ ఆయన వాదించాడు. 1901 జనగణనకు ఆయనే కమిషనర్. కులాలను స్థానిక సమాజం అంగీకరించే గౌరవ క్రమంలో పేర్చాలని ఆ జనగణనలో తలపెట్టడంతో, తమను పై మెట్టు మీద చేర్చాలంటూ దేశమంతటా కుల సంఘాలు అర్జీలు పెట్టుకున్నాయి. పుట్టుకతో అంటిన హెచ్చుతగ్గులకు అప్పటిదాకా ధర్మశాస్త్రాల ఆధారం ఉండేది. ఇప్పుడు దానికి ప్రభుత్వ ముద్ర, శాస్త్రపు ముద్ర కూడా తోడయ్యాయి. మనువు మాటను కాలిపర్ ధ్రువీకరించినట్లయింది. అదే 1901లో భారత ప్రభుత్వం జాతుల సర్వేను మంజూరు చేసి, మద్రాసు రాష్ట్రంలో ఆ పనిని థర్‌స్టన్‌కు అప్పగించింది. నిజాం రాజ్యంలో ఈ బాధ్యత నిర్వహించిన సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథం 1920లో వెలువడింది. తెలంగాణ కులాల గురించి రాసేవారు నేటికీ దాన్నే ఆశ్రయిస్తున్నారు.

థర్‌స్టన్‌ను రిస్లీకి నకలుగా చూడడం మాత్రం న్యాయం కాదు. ఆయన సిద్ధాంతకర్త కాదు, సేకర్త. తాను తీసిన కొలతల్లో ఒకే కులం లోపల ఎంత వైవిధ్యం ఉందో దాచకుండా పట్టికల్లో ఇచ్చాడు. బ్రాహ్మణుల్లోనూ వెడల్పు ముక్కులు కనిపించాయి, అట్టడుగున ఉంచిన కులాల్లోనూ సన్నని ముక్కులు కనిపించాయి. తెలుగు, కన్నడ సీమల్లో తలలు తమిళ సీమలో కన్నా కొంత వెడల్పుగా ఉన్నాయని గమనించాడు. అంటే కులం కన్నా ప్రాంతమే ఎక్కువ తేడా చూపే సందర్భాలున్నాయని ఆయన అంకెలే చెబుతున్నాయి. అంకెల విషయంలో ఆయన నిజాయితీని శంకించవలసిన పని లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆయన అబద్ధాలు రాసి ఉంటే మన పని తేలికయ్యేది. నిజాయితీగా పనిచేసే పరిశోధకుడు కూడా ఎదుటి మనిషి పట్ల అన్యాయం చేయగలడని ఆయన జీవితం తెలుపుతుంది.

తన గ్రంథం పీఠికలో ఆయన కొన్ని అనుభవాలను సరదా కథలుగా నమోదు చేశాడు. వయనాడులో పనియ స్త్రీలు ఆయన్ను చూసి భయపడ్డారు. తమలో మంచి రూపం గలవారిని ఏరి, చంపి, లోపల దూది కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వారి అనుమానం. నీలగిరుల్లో ఏదో నేరం ఆరోపణతో ప్రభుత్వం వెతుకుతున్న ఒక ఇరుళ మనిషి, ఎత్తు కొలిచే కర్రను చూసి ఉరికంబమని తలచి, దాని కింద నిలబడనని ఖండితంగా నిరాకరించాడు. పీఠిక చదివిన ఆనాటి ఆంగ్ల పాఠకులు నవ్వుకొని ఉంటారు. మనం నవ్వడానికి ముందు ఆలోచించాలి.

పనియలు తరతరాలుగా భూమితో పాటు చేతులు మారిన వ్యవసాయ బానిసలు. తమ శరీరం మీద తమకు హక్కు లేదన్నది వారికి అనుభవం నేర్పిన పాఠం. మ్యూజియం అంటే చచ్చిన జంతువులను దూది కూరి నిలబెట్టే చోటు. ఆ చోటి నుంచి వచ్చిన దొర తమ తలలను, ముక్కులను కొలుస్తున్నాడు. ఈ రెండు సంగతులను కలిపి వారు చేసిన ఊహ మూఢనమ్మకం కాదు, తర్కం. దూది కూరడం దగ్గర వారు పొరబడి ఉండవచ్చు. తమను నమూనాలుగా చూస్తున్నారన్న దగ్గర పొరబడలేదు. ఇరుళ మనిషి విషయమూ అంతే. తన కులాన్ని కొలిచే ప్రభుత్వమూ, తనను పట్టుకొని శిక్షించే ప్రభుత్వమూ ఒకటేనని అతడు గ్రహించాడు. థర్‌స్టన్ మద్రాసు పోలీసు అధికారులకు మనుషులను కొలిచే పద్ధతిలో శిక్షణ ఇచ్చిన మాట వాస్తవం. వేలిముద్రల విధానం స్థిరపడకముందు, పాత నేరస్థులను గుర్తుపట్టడానికి పోలీసులు దేహ కొలతల మీదే ఆధారపడేవారు. మ్యూజియం కొలబద్ద, ఠాణా కొలబద్ద ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు.

ఆ ఏడు సంపుటాల్లో కొలవబడినవారి ఇష్టాయిష్టాలు నమోదైన చోట్లు ఇటువంటి నవ్వులాట కథలే. మిగిలిన పట్టికల్లో వారికి పేరు లేదు, మాట లేదు, కాదనే హక్కు లేదు. సగటు మాత్రమే ఉంది. ఒక దొర, వెంట ప్రభుత్వ ఉద్యోగులు, ఊరి పెద్దల ఆజ్ఞ ఉన్నప్పుడు, ఊరవతల నివసించే మనిషి తల వంచి నిలబడడాన్ని సమ్మతి అనగలమా? పారిపోయినవారు, అడ్డం తిరిగినవారు, భయంతో ఏడ్చినవారు చెప్పిన కాదన్న మాటే ఆ గ్రంథంలో మనకు దక్కిన అత్యంత విశ్వసనీయమైన సమాచారం.

రెండో హద్దు సమాచారం ఎవరి నోటి నుంచి వచ్చిందన్నది. మూడు వందలకు పైగా కులాల వివరాలను ఒక మనిషి తానే తిరిగి తెలుసుకోలేడు. మ్యూజియంలో సహాయకుడు కె. రంగాచారి గ్రంథ రచనలో తోడ్పడ్డాడు. సి. హయవదనరావు విశాఖ జిల్లా జాతుల గురించి విస్తారంగా సమాచారం సమకూర్చాడు. జిల్లా అధికారులు, తహసీల్దార్లు, ఉపాధ్యాయులు, మిషనరీలు, పోలీసు అధికారులు పంపిన నివేదికలు, అంతకుముందు అచ్చయిన మాన్యువళ్లు, జనగణన నివేదికలు మిగిలిన భాగాన్ని నింపాయి. ఆనాడు మద్రాసు రాష్ట్రంలో చదువు, ప్రభుత్వోద్యోగం ఉన్న భారతీయులంటే ప్రధానంగా బ్రాహ్మణులు, వారి తరువాత మరికొన్ని అగ్రకులాలు. కనుక మాలల గురించి, మాదిగల గురించి, యానాదుల గురించి, చెంచుల గురించి ఆ గ్రంథం చెప్పేదంతా చాలావరకు వారిని దూరం ఉంచిన ఇళ్ల అరుగుల మీద నుంచి చూసిన చూపు. అరుగు మీద కూర్చున్నవాడు వాడను వర్ణిస్తే అది వాడ చరిత్ర అవుతుందా? తెల్లదొర కలం, అగ్రకుల సమాచారం ఒకచోట కలిసినప్పుడు, ఊళ్లో అప్పటిదాకా నోటిమాటగా ఉన్న చిన్నచూపు అచ్చులోకి ఎక్కి శాశ్వతమైంది. ఫలానా కులం మురికిది, ఫలానా కులం మోసగించేది, ఫలానా కులం తాగుబోతుది అన్న పొరుగువారి తిట్లు కూడా జాతి లక్షణాల కింద నమోదయ్యాయి.

మూడో హద్దు ఫలితానికి సంబంధించినది. ఆ గ్రంథంలో కొరవలు, ఎరుకలవారి గురించి రాసినది చూస్తే ఈ విషయం స్పష్టపడుతుంది. దానికి ఆధారాలు ఎక్కువగా పోలీసు రచనలు. ఎఫ్.ఎస్. ములాలీ 1892లో రాసిన నేరస్థ వర్గాల పుస్తకం, రైల్వే పోలీసు అధికారి పాపారావు నాయుడు రచనలు అటువంటివి. కన్నం వేసే పద్ధతులు, పనిముట్లు, సంకేత భాష అందులో సవివరంగా ఉన్నాయి. ఎరుకలవారు తరతరాలుగా ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మిన వర్తకులు. బుట్టలల్లినవారు, పందులను పెంచినవారు, వారి స్త్రీలు సోది చెప్పినవారు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైలు మార్గాలు కలిసి వారి వర్తకాన్ని ఎలా దెబ్బతీశాయో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరించింది. పొట్టకూటి మార్గం పోగొట్టిన ప్రభుత్వమే వారికి దొంగతనం వంశపారంపర్య వృత్తి అని ముద్ర వేసింది.

1871లో ఉత్తరాది కోసం చేసిన నేరస్థ తెగల చట్టం 1911లో సవరణ పొంది మద్రాసు రాష్ట్రానికి వర్తించింది. థర్‌స్టన్ పుస్తకం వల్లే ఆ చట్టం ఇక్కడికి వచ్చిందనడం సరికాదు; ఆ ఆలోచన అంతకుముందే ఉంది. అయితే శాస్త్రగ్రంథమన్న గౌరవం పొందిన పుస్తకం పోలీసు అనుమానాన్ని జాతి స్వభావంగా అచ్చువేసినప్పుడు, చట్టానికి కావలసిన నైతిక బలం సమకూరింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలు పేర్లు, వేలిముద్రలు నమోదు చేయించుకోవలసి వచ్చింది. హాజరు పలకవలసి వచ్చింది. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటడం నేరమైంది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, నెల్లూరు జిల్లాలో కప్పరాళ్లతిప్ప, కర్నూలు జిల్లాలో సిద్ధాపురం వంటి సెటిల్‌మెంట్లు ఏర్పడ్డాయి. చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ముద్ర మాత్రం రద్దు కాలేదు. స్టూవర్టుపురం పేరు సినిమా టైటిళ్లలో దొంగకు పర్యాయపదంగా నేటికీ వినబడుతూనే ఉంది. విముక్త జాతులవారిని పుట్టు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలను కొట్టివేయడానికి సుప్రీంకోర్టుకు 2024 అక్టోబరు దాకా సమయం పట్టింది. చట్టసభ ఒక్క రోజులో రద్దు చేసినదాన్ని పుస్తకం డెబ్బై ఏళ్లు బతికించగలదు.

ఇక ఆ శాస్త్రం ఏమైంది? థర్‌స్టన్ జీవించి ఉండగానే అది బీటలు వారింది. అమెరికాకు వలస వచ్చిన యూరపు కుటుంబాల పిల్లల తలలు తల్లిదండ్రుల తలల కన్నా ఆకారంలో తేడాగా ఉన్నాయని ఫ్రాంజ్ బోయాస్ 1911 నాటికే చూపించాడు. మారని జాతి లక్షణమనుకున్నది పరిసరాలను బట్టి మారుతున్నదన్నమాట. 1933లో గణాంకవేత్త పి.సి. మహలనోబిస్ రిస్లీ అంకెలను పరీక్షించి అందులోని పొరపాట్లను బయటపెట్టాడు. వీటన్నిటి కన్నా పదునైన పని బాబాసాహెబ్ అంబేడ్కర్ చేశాడు. 1948లో అస్పృశ్యుల మూలాల గురించి రాసిన గ్రంథంలో, జాతి సిద్ధాంతులు నమ్ముకున్న ముక్కు కొలతలనే ఆయన చేతిలోకి తీసుకున్నాడు. ఆ కొలతలే ప్రమాణమైతే బ్రాహ్మణుడు, అస్పృశ్యుడు ఒకే జాతికి చెందినవారని తేలుతుందని, కనుక అంటరానితనానికి మూలం రక్తంలో లేదని నిరూపించాడు. కొలవబడినవారిలో ఒకడు కొలత పట్టికను తిరిగి తన చేతిలోకి తీసుకొని చదివితే ఏం జరుగుతుందో చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ లేదు.

థర్‌స్టన్ ఇవేవీ పట్టించుకున్నట్లు కనబడదు. 1908లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్లిపోయాడు. 1912లో దక్షిణ భారతంలో శకునాలు, నమ్మకాల గురించి మరో పుస్తకం తెచ్చాడు. ప్రభుత్వం ఆయన్ను బిరుదులతో సత్కరించింది. చివరి సంవత్సరాలు ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ సీమలోని పెన్జాన్స్‌లో గడిపాడు. అక్కడి తోటల్లో పెరిగే దేశవిదేశాల చెట్లను, పొదలను పరిశీలించి 1930లో ఒక పుస్తకం ప్రకటించాడు. 1935 అక్టోబరులో కన్నుమూశాడు. చిప్పలతో మొదలై మొక్కలతో ముగిసిన ఆ సేకరణ జీవితంలో, నడుమ వచ్చిన మనుషులు కూడా ఒక అధ్యాయం మాత్రమే. చెట్టు తనను కొలిచినవాడిని ప్రశ్నించదు. మనిషి ప్రశ్నిస్తాడు, అది వెంటనే కాకపోయినా మూడు తరాల తరువాతనైనా.

ఆ ప్రశ్న మ్యూజియంతో ముగిసినది కాదు. 2001లో విశాఖ ప్రాంతపు తెలుగు కులాల వారి రక్త నమూనాల ఆధారంగా వెలువడిన జన్యు అధ్యయనం కులాలను అగ్ర, మధ్య, నిమ్న అని మూడు వరసలుగా పేర్చి, పై కులాలు యూరపు వారికి దగ్గరని ప్రకటించింది. కాలిపర్ స్థానంలో జన్యువు వచ్చింది. మెట్ల వరస మాత్రం అదే. రక్తం ఇచ్చినవారిలో ఎందరు దాని ఫలితాన్ని చదివి ఉంటారు? 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా ప్రయోగాత్మక పథకం అమలైనప్పుడు, హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ, దళిత బాలికల తరఫున వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అనుమతి పత్రాల మీద సంతకాలు చేశారు. బాలికల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం తేల్చినా, అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. తల్లిదండ్రుల బదులు వార్డెన్ సంతకం, పనియ స్త్రీ బదులు ఊరి పెద్ద తలూపు - ఈ రెంటి నడుమ నూరేళ్లు గడిచాయి గాని దూరం మాత్రం పెరగలేదు. సముదాయ పెద్ద అనుమతి వ్యక్తి అనుమతికి బదులు కాదని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాగితం మీది ఆ వాక్యం తండాకు, గూడేనికి చేరవలసి ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. మనుషులను కులాల వారీగా లెక్కించడం అన్యాయమైతే కులగణన ఎందుకు అడుగుతున్నాం? తెలంగాణ ప్రభుత్వం 2024 చివరలో ఇంటింటి సర్వే జరిపింది. రానున్న జనగణనలో కులాన్ని చేరుస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. దీన్ని కోరినవారు అణగారిన కులాలవారే. కులగణనను వ్యతిరేకించేవారు, ఇది వలస పాలకుల విభజన విధానమే కదా అని థర్‌స్టన్‌ను, రిస్లీని గుర్తుచేస్తున్నారు. ఈ పోలిక పైకి సరిగ్గా కనిపించినా లోపల చెల్లదు. థర్‌స్టన్ పుర్రెను కొలిచాడు. కులగణన భూమిని, చదువును, ఉద్యోగాన్ని, వాటిలో లోపించిన వాటాను కొలవాలి. అక్కడ లెక్క పాలకుడు అడిగినది. ఇక్కడ లెక్క లెక్కలోకి రానివారు అడిగినది. అక్కడ కులం స్వభావమేమిటన్నది ప్రశ్న. ఇక్కడ కులం చేసిన నష్టమెంత అన్నది ప్రశ్న. లెక్క తప్పు కాదు. ఎవరి కోసం, ఎవరి అనుమతితో, ఎవరు సరిదిద్దుకోగల లెక్క అన్నదే ధర్మాధర్మాలను నిర్ణయిస్తుంది.

అయితే కోరినవారి లెక్కకూ హద్దులు అవసరం. సేకరించిన వివరాలు పోలీసుల చేతికి వెళ్లకూడదు. వ్యక్తుల వివరాలు గోప్యంగా ఉంటూనే, కులాల వారీ మొత్తాలు అందరికీ అందుబాటులో ఉండాలి. తమ కులం పేరును, తమ గురించి రాసిన వర్ణనను సవరించమని అడిగే అవకాశం ప్రతి సముదాయానికీ ఉండాలి. తిట్టుగా మారిన కులనామాలను అధికార పత్రాల్లో యథాతథంగా కొనసాగించడం జ్ఞానం కాదు. సంచార, విముక్త జాతులవారు మళ్లీ ఎవరో ఒకరి ఉపకులంగా లెక్కలో కరిగిపోకూడదు.

మరి థర్‌స్టన్ సంపుటాలను ఏం చేయాలి? తగలబెట్టనవసరం లేదు. పాలకులు, పండితులు చరిత్ర రాయడానికి కూడా అర్హులుగా ఎంచని సముదాయాల వృత్తులు, పండుగలు, పెళ్లి తంతులు, చావు తంతులు, పాటలు కొంతవరకైనా వాటిలో మిగిలాయి. వాటిని వదులుకుంటే మళ్లీ నష్టపోయేది ఆ సముదాయాలే. కాని చదివే పద్ధతి మారాలి. మన కులాన్ని పొగిడిన వాక్యాన్ని ఏరుకొని ప్రత్యేక సంచికలో అచ్చువేసుకోవడం, పక్క కులాన్ని తూలనాడిన వాక్యాన్ని చూపి దెప్పడం రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు. రిజర్వేషన్ల వివాదాల్లో ఆ పుస్తకాన్ని చూపించే న్యాయవాది, దాన్ని ఆధారంగా తీసుకొనే కమిషన్, ఆ వాక్యం ఎవరు చెబితే ఎవరు రాసినదో ముందుగా విచారించాలి. ఎరుకలవారి గురించి పోలీసు చెప్పినది పోలీసు మాటగానే ఉదహరించాలి, ఎరుకలవారి లక్షణంగా కాదు. మద్రాసులోనైనా మరెక్కడైనా మ్యూజియంలు తమ దగ్గరున్న పాత ఛాయాచిత్రాలను, పాటల ముద్రణలను ఆయా సముదాయాల వారసులకు తెలియజేసి, వాటిని ఎలా ప్రదర్శించాలో వారినే అడగాలి.

తెలుసుకోవడం మంచిదే. అజ్ఞానం ఎన్నడూ అణగారినవారికి మేలు చేయలేదు. అక్షరాన్ని వారికి దూరం చేయడమే కుల వ్యవస్థ చేసిన మొదటి నేరం. కనుక జ్ఞానానికి అడ్డుగోడ కట్టమని ఎవరూ కోరడం లేదు. ఎదుటి మనిషి కాదంటే ఆగడం, అతడి మాటను అతడి మాటగా నమోదు చేయడం, రాసినది అతడికి కీడు చేస్తుందా అని ముందుగా ఆలోచించడం - ఈ మూడే జ్ఞానానికి ఉండవలసిన హద్దులు. థర్‌స్టన్ కొలతలు తప్పని తేల్చడానికి శాస్త్రానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ కొలబద్ద కింద నిలబడడానికి నిరాకరించిన ఇరుళ మనిషికి అది ఒక్క చూపులోనే తెలిసింది. ఆయన పేరు ఆ పుస్తకంలో లేదు. కులాల చరిత్రను ఇకమీదట రాసేవారు ఆ నిరాకరణ దగ్గర మొదలుపెట్టాలి.